రెండు సీసాల మధ్య అర నిమిషం

ప్రయోగశాలల్లో కొత్తగా చేరిన యువతీయువకులు నన్ను కలిసినప్పుడు దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు: ఏ యంత్రం మీద పట్టు సంపాదిస్తే ఈ వృత్తిలో ముందుకు వెళ్ళగలం? యంత్రాల సంగతి వాటితో పాటు వచ్చే పుస్తకాలు నాకంటే బాగా చెబుతాయి. నేను ఏ హోదా నుంచి ఏ హోదాకు వెళ్ళానన్నది మా ఇంట్లోవాళ్ళకే గుర్తు లేదు, మీకు అసలు అక్కర్లేదు. వాల్తేరులో రసాయనశాస్త్రం చదువుకుని, జంషెడ్‌పూర్‌లో ఒక ఆస్పత్రి ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఆ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని పరీక్షలు చేశానో నాకు తెలియదు. వాటిలో ఒకటి తప్పు చేశానని మాత్రం నిశ్చయంగా తెలుసు. మిగిలినవన్నీ ఒప్పులని నా ఉద్దేశం కాదు. వాటిలోని తప్పులు బయటపడలేదు, అంతే.

ఆ ఒక్కటీ డెబ్బైల చివరి సంగతి. అప్పటికి ఈ ఊరు బీహారులో ఉండేది. దాని గురించి మాట్లాడేటప్పుడు ఊరి పెద్దమనుషుల గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది. వాళ్ళ మీద నాకు గౌరవం లేదని మొదటే చెప్పేస్తే మీకూ నాకూ సమయం కలిసి వస్తుంది.

గోడ మీద నెత్తురు

ముందు చిన్న విషయం. మా ఊళ్ళో బర్మామైన్స్ అనే పేటలో ఒక ఇంటి గోడ ఎర్రగా చెమర్చడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో అక్కడ కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, హారతి పళ్ళెం అన్నీ వచ్చి చేరాయి. గోడ నెత్తురు కారుతోందని సందంతా జనంతో నిండిపోయింది. జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు, గోడను పరీక్షించడానికి నేను వెళ్ళాం.

అనుమానపు మరక రక్తమో కాదో తేల్చడానికి ఆ రోజుల్లో మా దగ్గర ఒక తేలిక పద్ధతి ఉండేది. రెండు సీసాలు. మొదటి సీసాలోని బెంజిడిన్ చుక్క మరక మీద వేసి అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషంలోనే నీలిరంగు వచ్చేస్తే అది తుప్పో మరే రసాయనమో అని అర్థం. రంగు రాకపోతే అప్పుడు రెండో సీసాలోని పెరాక్సైడ్ చుక్క వేయాలి. అప్పుడు నీలం తిరిగితే అది రక్తం కావచ్చు. 'కావచ్చు' అన్న మాటను మీరు గట్టిగా పట్టుకోవాలి. రక్తమే అని చెప్పడానికి సూక్ష్మదర్శిని కింద గులాబిరంగు స్ఫటికాలు కనబడాలి, దానికి ఇంకొక పూట పడుతుంది.

ఆ గోడ దగ్గర నేను అర నిమిషం కాదు, రెండు నిమిషాలు ఆగాను. మొదటి చుక్కకే, అర నిమిషం లోపే వచ్చిన నీలం అలాగే నిలిచింది. గోడ లోపలి నీళ్ళ గొట్టం తుప్పు పట్టి పగిలిందని అందరి ముందూ, కాస్త గర్వంగానే ప్రకటించాను. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇనుమైతే మాత్రం ఏటి బాబూ, అమ్మోరికి ఇనుము పనికిరాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ ఆయన అజ్ఞానాన్ని చూసి నవ్వాను.

జనం కోసం వచ్చిన దారోగా పాండే ఆ రోజే నాకు పరిచయమయ్యాడు. దారోగా అంటే మన సబ్‌ఇన్‌స్పెక్టరు. "కమాల్ కర్ దియా సర్‌జీ, చుక్కేశారు, దేవత పారిపోయింది" అని చెయ్యి ఊపాడు. నాకు ఆ పొగడ్త నచ్చింది.

కాగితం తర్వాత, మాట ముందు

రాష్ట్ర ప్రయోగశాల రాజధానిలో ఉండేది. అక్కడికి పంపిన వస్తువుకు జవాబు రావడానికి నెలలు పట్టేది. అందుకని మా ఊళ్ళో ఒక ఆచారం ఏర్పడింది. దాన్ని ఎవరూ ప్రవేశపెట్టలేదు, ఎవరూ అభ్యంతరపెట్టలేదు. పోలీసులు ఒక మరకనో, ఒక సీసానో, ఒక పొట్లాన్నో మా దగ్గరికి తెచ్చేవారు. మేము ఒక చుక్క వేసి చూసి నోటితో చెప్పేవాళ్ళం. కాగితం తర్వాత తీరుబడిగా వెళ్ళేది, లేదా వెళ్ళేదే కాదు.

పాండే ఈ ఆచారానికి పెద్ద భక్తుడు. మోటారు సైకిలు బయట పెట్టి, టోపీ తీసి చంకలో ఇరికించుకుని వచ్చేవాడు. "కాగజ్ బాద్ మే దీజియేగా సర్‌జీ. ముందు నోటితో ఒక మాట చెప్పండి, చాలు." నేను చెప్పేవాణ్ణి. రోజుకు ఇలాంటివి నాలుగైదు వస్తుంటే రెండు సీసాలు విడివిడిగా వాడే ఓపిక నశించింది. పొద్దున్నే రెండింటినీ ఒకే సీసాలో కలిపి పెట్టుకునేవాణ్ణి. ఒకే చుక్క, ఒకే జవాబు. పక్క టేబులు వాళ్ళు కూడా నన్ను చూసి అదే నేర్చుకున్నారు.

మా పెద్ద, పాథాలజీ విభాగాధిపతి డాక్టర్ సేన్ ఒకసారి ఆ సీసాను వెలుగుకు ఎత్తి చూశాడు. ఆయన కోపం ఎప్పుడూ మర్యాదగా ఉండేది. "ఇది ఏమిటి, షర్బత్తా?" అని అడిగాడు. సమయం ఆదా అవుతుందన్నాను. "ఎవరి సమయం?" అన్నాడు. నేను సీసా అందుకుని బల్ల మీద పెట్టేశాను. ఆయన రెట్టించలేదు. ఆయన రెట్టించకపోవడం కూడా తప్పేనని నా అభిప్రాయం. మర్యాదస్థులైన పై అధికారుల వల్ల జరిగే నష్టం మీద ఎవరూ పరిశోధన చేయరు.

చొక్కా

కద్మా పేటలో సరళా దీదీ అని ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఒంటరిగా ఉండేది. ఊళ్ళో సగం మందికి ఆవిడ దగ్గరే అక్షరాలు వచ్చాయి. ఒక బుధవారం మధ్యాహ్నం ఆవిడను ఎవరో ఇంట్లోనే కొట్టి చంపారు. కార్ఖానా సైరను కూడా పట్టించుకోని ఊరు ఆ రోజు ఆగిపోయింది. దుఃఖం నిజమైనదే. దాన్ని నేను వెక్కిరించడం లేదు.

ఆ ముందు వారమంతా ఆవిడ ఇంటి మీద ఉన్న పాత ఇనుప నీళ్ళ ట్యాంకును అప్పన్న అనే మనిషి గీకి శుభ్రం చేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, బర్మామైన్స్‌లో కాపురం, ఠేకాదారు, అంటే గుత్తేదారు, దగ్గర కూలి. బుధవారం పొద్దున కూడా అక్కడ పనిలో ఉన్నాడు. గురువారం మధ్యాహ్నం పాండే అతణ్ణి ఠాణాలో పెట్టి, అతని చొక్కా తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. తడిపి, పిండి, మళ్ళీ ఆరబెట్టిన చొక్కా. ముందు భాగమంతా గోధుమరంగుకు తిరిగిన ఎర్రటి మరకలు.

"ఉతికేశాడు సర్‌జీ. అమాయకుడు చొక్కా ఎందుకు ఉతుకుతాడు?"

మురికిగా ఉంటే అమాయకులు కూడా ఉతుకుతారని అప్పుడు నాకు తోచలేదు. నేనూ ఆ ఊరివాణ్ణే, నా పిల్లలకూ సరళా దీదీయే చదువు చెప్పింది. కలిపి పెట్టుకున్న సీసాలోంచి ఒక చుక్క తీసి వేశాను. వెంటనే చిక్కటి నీలం.

"ఖూన్?" అన్నాడు పాండే.

"పాజిటివ్" అన్నాను.

"పక్కా?"

ఇక్కడ నేను చెప్పవలసిన వాక్యం ఒకటుంది: ఇది రక్తం కావచ్చు, కాకపోవచ్చు, రేపు మధ్యాహ్నానికి గాని తెలియదు. దాని బదులు, "స్ఫటికాల పరీక్ష రేపు చేస్తాను, కానీ అనుమానం లేదు" అన్నాను. ఎందుకు అన్నానో చాలాసార్లు ఆలోచించాను. గోడ దగ్గర జనం చెప్పిన మాట నాకు నచ్చలేదు కాబట్టి దాన్ని రెండు నిమిషాలు పరీక్షించాను. పాండే చెప్పిన మాట నాకు నచ్చింది కాబట్టి ఒక్క చుక్కతో ఒప్పుకున్నాను. సందేహం నా స్వభావమని అనుకునేవాణ్ణి. అది నా ఇష్టాయిష్టాలకు తోడు వెళ్ళే అలవాటు మాత్రమేనని ఆ రోజు తేలింది.

ట్యాంకు గీకినవాడి చొక్కా మీద తుప్పు ఉంటుందన్న సంగతి, ఇనుము మీద బతికే ఊళ్ళో, ఇనుప ధూళి పడని గుడ్డ ఒక్కటీ ఆరని ఊళ్ళో, ఎమ్మెస్సీ చదివిన నాకు తట్టలేదు. పాండే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మిఠాయి

శుక్రవారం తెల్లవారేసరికి అప్పన్న ఖర్కాయి నది ఒడ్డున చచ్చిపోయి ఉన్నాడు. పోలీసుల కథనం ఇది: ఆయుధం దాచిన చోటు చూపిస్తానని తీసుకువెళ్ళాడు, బేడీలు ఉన్న చేతులతోనే ఒక సిపాయి తుపాకీ లాక్కున్నాడు, పారిపోబోయాడు, ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చింది. పారిపోయేవాడికి గుండు ఛాతీలో ఎలా దిగింది అన్నది ఎనిమిదో తరగతి కుర్రవాడికైనా తట్టే ప్రశ్న. ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళకు అది ప్రశ్నగా కాక చమత్కారంగా తోచింది. "వెనక్కి పరుగెత్తి ఉంటాడు" అని సాక్చిలో నేను బ్లేడ్లు కొనే దుకాణదారు కన్ను గీటాడు. అంటే అబద్ధమని అతనికి తెలుసు. తెలిసే లడ్డూ నా చేతిలో పెట్టాడు.

సాక్చి బజారులో ఆ పొద్దున మిఠాయి ఉచితం. పాండే మెడలో దండలు కళ్ళు కనబడనంత ఎత్తుకు పేరుకున్నాయి. కద్మా మహిళలు అతనికి తిలకం దిద్దారు. చీమను కూడా తొక్కనని చెప్పుకునే ఒక శాకాహారి వర్తకుడు అతని వెంట వెళ్ళిన నలుగురు సిపాయిలకూ శాలువాలు కప్పాడు. న్యాయం ఇంత త్వరగా జరిగిందని అందరూ సంబరపడ్డారు. సరళా దీదీని ఎవరు చంపారన్న వెతుకులాట ఆ గుండుతోనే ఆగిపోయిందని ఆ దండలు వేసినవాళ్ళలో ఒక్కరూ గమనించలేదు. నిందితుడు మరణించాడు కాబట్టి కేసు మూసేశారు. హంతకుడు వేరేవాడైతే, ఆ పొద్దున అతనూ బజారుకు వచ్చి ఒక లడ్డూ తిని ఉంటాడు.

మా తెలుగు సంఘం ఆ సాయంత్రమే అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు నారాయణమూర్తి గారు టాటానగర్ రైల్వేలో ఫోర్‌మన్, విజయనగరం మనిషి, ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకునేవాడు.

"మనం ముందుగా తేల్చుకోవలసింది ఏమిటంటే," అన్నాడాయన, "వాడు అసలు తెలుగువాడేనా అని."

వెనక బెంచీ నుంచి ఒక ఫిట్టరు లేచాడు. "అప్పన్న అని పేరెట్టుకుని తెలుగోడు కాకపోతే మరేటవుతాడండీ?"

"పేర్లదేముందోయ్. ఇచ్ఛాపురం దాటితే అక్కడా అప్పన్నలే. ఒరియావాడు అయ్యుంటాడు."

"ఆడు నా పక్కింటోడండీ! మా ఊరి పక్క ఊరే ఆడిది!"

"నువ్వు కూర్చో. సంఘం పరువు సంగతి నీకు తెలియదు."

మృతుడికీ తెలుగువారికీ ఏ సంబంధమూ లేదని తీర్మానం ఆమోదించారు. మర్నాడు ఆస్పత్రిలో నా ఒరియా సహోద్యోగి టీ తాగుతూ, "మీవాడేనటగా" అని అమాయకంగా అడిగాడు. నిన్నటిదాకా ఒక భార్య, ఇద్దరు పిల్లలు, ఒక ఊరు ఉన్న మనిషిని రెండు భాషలవాళ్ళు ఒకరి గుమ్మంలోంచి ఒకరి గుమ్మంలోకి తోసుకుంటున్నారు.

ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. అప్పటికే నా జేబులో, శుక్రవారం మధ్యాహ్నం చేసిన పరీక్ష ఫలితం రాసుకున్న చీటీ ఉంది. అది జేబులోనే ఉండిపోయింది.

గులాబిరంగు స్ఫటికాలు

అవి రాలేదు. చొక్కాలోని ఆరు చోట్ల నుంచి దారాలు తీసి చూశాను. ఒక్కచోటా స్ఫటికం లేదు. అప్పుడు రెండు సీసాలూ విడిగా తీశాను. మొదటి చుక్కకే, అర నిమిషం గడవకముందే, చొక్కా నీలంగా మారింది. ఆమ్లంలో నానబెట్టి ఇనుము కోసం పరీక్ష చేస్తే పరీక్షగొట్టం నిండా ఇనుమే. గోడ మీద ఉన్నదే చొక్కా మీదా ఉంది.

డాక్టర్ సేన్ నా నోటుపుస్తకం రెండుసార్లు చదివాడు. "కేసు మూసేశారు. ఈ నివేదికను ఎవరూ అడగలేదు" అన్నాడు.

"అడగకపోతే రాయకూడదా?"

"రాయవచ్చు. గురువారం నువ్వు నోటితో చెప్పింది కూడా రాస్తావా?"

శనివారం నేను నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాను. చొక్కా మీద రక్తం లేదు, ఉన్నది ఇనుప తుప్పు అని రాశాను. గురువారం సంగతి రాయలేదు. పంపే ముందు సేన్ దాన్ని చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. మర్యాదస్థుడని చెప్పాను కదా.

ఒక కాగితం

సోమవారం మధ్యాహ్నం ప్రయోగశాల తలుపు దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. చేతులకు ఇటుకల పొడి, నెత్తిన గుడ్డచుట్ట ఇంకా అలాగే ఉంది.

"బాబూ, నాను అప్పన్న పెళ్ళాన్ని. పైడమ్మంటారు."

లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"సందులో నన్ను కుళాయి కాడకి రానిత్తం నేదు బాబూ. నా బింది తగిలితే ఆళ్ళ బిందిలు మైలపడిపోతాయంట. ఖూనీవాలీ, ఖూనీ సేసినోడి పెళ్ళాం అంతన్నారు. రైలు యార్డు కాడికెల్లి నీలు తెచ్చుకుంతన్నాను. ఠేకాదారు ఈ పొద్దు పన్లోంచి ఎల్లిపోమన్నాడు. గుంటలిద్దరికీ బడి కాడ అదే మాట. ఇంకెన్నాలు బతుకుతాం ఇలాగ?"

ఏం కావాలని అడిగాను.

"మా పక్కింటి ఫిట్టరు ఆసుపత్రి కాడ ఇని సెప్పినాడు, గుడ్డ మీద రత్తం నేదని మీరు రాసినారంట గదా. అదే కాయితం నాకొకటియ్యండి. కుళాయి కాడ సూపెడతాను."

నివేదికలు కేసుకు సంబంధం లేనివాళ్ళకు ఇవ్వకూడదు. ఈవిడకంటే సంబంధం ఉన్నవాళ్ళెవరో నాకు తెలియలేదు. ఇచ్చాను. ఇస్తూ, నా అలవాటు కొద్దీ, చొక్కా మీద రక్తం లేనంత మాత్రాన అతను హత్య చేయలేదని రుజువు కాదని వివరించాను.

"మా మావ సంపినాడో నేదో నాకేటి తెలుసు బాబూ? ఆ పొద్దు నాను పన్లో ఉన్నాను. సంపినాడని అనుకోను. కానీ నాను సూడనేదు" అంది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

ఆ వారం మొత్తం మీద, తాను చూడనిదాన్ని చూడలేదని చెప్పిన మనిషి ఊళ్ళో నాకు ఆవిడ ఒక్కతే కనబడింది.

జాలి

ఆ కాగితం ఫిట్టరు చదివి వినిపించాక సందులో ఏం జరిగిందో అతనే నాకు చెప్పాడు. ముందు రోజు బిందె తన్నిన ఆవిడే, "నువ్వు ముందు పట్టుకోయే, నీ తర్వాతే మేము" అని పక్కకు జరిగిందట. ఠేకాదారు కూడా మళ్ళీ రమ్మన్నాడు. విషయం పత్రికకు ఎక్కింది. వారం తిరక్కుండా ఊరంతా జాలిలో మునిగింది. లడ్డూ ఇచ్చిన దుకాణదారు, "బేచారా, ఏ పాపం తెలియనివాడు సర్‌జీ" అని తల ఊపాడు. సంఘం మళ్ళీ అత్యవసరంగా సమావేశమైంది. నారాయణమూర్తి గారు గొంతు సవరించుకుని, "పొట్ట చేత పట్టుకుని వచ్చిన మన తెలుగుబిడ్డ" అని మొదలుపెట్టాడు. వెనక బెంచీలోంచి ఫిట్టరు అందుకున్నాడు.

"ఏటండీ, మొన్న ఒరియావోడు గదా? ఎప్పుడు మారినాడు?"

ఎవరూ నవ్వలేదు. సంతాపతీర్మానం ఏకగ్రీవం.

నాకు మిఠాయి పంచిన ఊరి మీద ఉన్నదానికంటే, ఈ జాలిపడే ఊరి మీద ఎక్కువ రోత పుట్టింది. కారణం చెబుతాను. వీళ్ళ నీతి నా పరీక్షగొట్టం అడుగున ఉంది. నీలం ఇలా వస్తే దండ, అలా వస్తే కన్నీరు. బేడీలు వేసిన మనిషిని నది ఒడ్డున నిలబెట్టి కాల్చడం మంచిదా చెడ్డదా అన్నది ఆ మనిషి చొక్కా మీద ఉన్న పదార్థాన్ని బట్టి మారుతుందని ఊరు ఊరంతా, చదువుకున్నవాళ్ళతో సహా, నమ్మింది. నా శాస్త్రానికి అంత గౌరవం అక్కర్లేదు. మరక ఏమిటో అది చెప్పగలదు. మనిషిని ఏం చేయవచ్చో చెప్పలేదు.

పోలీసుల మీద విచారణ జరపాలని పైడమ్మ తరఫున వర్మ అనే వకీలు ముందుకు వచ్చాడు. మంచి ఇంగ్లీషు, మంచి కోట్లు. పత్రికల్లో నిప్పులు కక్కాడు. ఒక సాయంత్రం అతని గదిలో అడిగాను: "నా పరీక్షలో రక్తమని తేలి ఉంటే మీరు ఈ కేసు తీసుకునేవారా?"

కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వహ్ అలగ్ బాత్ హై" అన్నాడు. అది వేరే విషయమట. నాకు అదొక్కటే విషయంగా కనబడింది.

విచారణ

మేజిస్ట్రేటు విచారణ రెండు నెలల తర్వాత జరిగింది. పైడమ్మ గదిలో వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను నివేదిక చదివాను. వర్మ లేచాడు.

"కాబట్టి అప్పన్న నిర్దోషి. అవునా?"

"తెలియదు" అన్నాను.

"చొక్కా మీద రక్తం లేదు కదా!"

"చొక్కా మీద లేదు. అంతవరకే తెలుసు."

వర్మ నన్ను శత్రువును చూసినట్టు చూశాడు. ఆయనకు నిర్దోషి కావాలి. నిర్దోషి కానివాడి కోసం వాదించడానికి ఆయన నల్లకోటు వేసుకుని రాలేదు. అప్పుడు పోలీసుల తరఫు వకీలు చాలా మృదువుగా అడిగాడు: గురువారం నాడు దారోగా మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరేమన్నారు?

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. నోటి మాటకు రాత లేదు, సాక్షి లేడు. పాండే నా వైపు చూడను కూడా లేదు, తన టోపీ అంచు తడుముకుంటున్నాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. కలిపిన సీసా, ఒక్క చుక్క, 'అనుమానం లేదు' అన్న మాట, అన్నీ. నిజం చెబితే నిజానికి మేలు జరుగుతుందని అప్పటికింకా నాకో నమ్మకం ఉండేది.

తీర్పు లాంటి ఆ విచారణ నివేదిక సారాంశం ఇది: బాధ్యతగల శాస్త్రజ్ఞుడు నిస్సందేహంగా ధ్రువపరచినందువల్ల, మృతుడు హంతకుడేనని పోలీసులు సద్భావంతో నమ్మారు, వారి చర్యలో దురుద్దేశం లేదు. పాండే మీద చర్య లేదు. ప్రయోగశాల ఇకముందు జాగ్రత్త వహించాలని నాకొక హెచ్చరిక.

ఇందులోని తర్కాన్ని మీరు ఒకసారి పరీక్షించండి, నేను చాలాసార్లు చేశాను. అప్పన్న నిజంగా తుపాకీ లాక్కుని పారిపోయి ఉంటే, అతను హంతకుడని పోలీసులు నమ్మారా లేదా అన్నది అప్రస్తుతం. పారిపోకపోతే, వాళ్ళేం నమ్మినా అది హత్యే. ఏ విధంగా చూసినా నా చుక్కకు ఆ వాక్యంలో చోటు లేదు. అది అక్కడ ఉండటానికి ఒకే కారణం ఉంటుంది: ఆ గుండు శిక్షగానే పేలిందని రాసినవాళ్ళకు తెలుసు. తెలిసి, ఆ శిక్షకు ఒక పరువైన సంతకం వెతికారు. నాది దొరికింది.

కాబట్టి మీకు చెప్పగలిగింది ఇదీ. రెండు సీసాలూ విడిగా ఉంచండి. అర నిమిషం ఆగండి. మీకు నచ్చిన మాటను నచ్చని మాటకంటే ఎక్కువసేపు పరీక్షించండి. నోటితో ఎవరికీ ఏమీ చెప్పకండి. ఇవన్నీ చేసినా పోలీసులు నది ఒడ్డుకు వెళ్ళరని నేను హామీ ఇవ్వలేను. వాళ్ళ వెంట మీ పేరు వెళ్ళదు, అంతే.

కుళాయి దగ్గర నుంచి

విచారణ నివేదిక పత్రికలో వచ్చిన మర్నాడు పైడమ్మ ఆస్పత్రికి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చింది. నా బల్ల ఎదుట నిలబడి, సీసాలన్నింటినీ ఒక్కొక్కటిగా చూసింది.

"సందులో మళ్ళీ మొదలెట్టినారు బాబూ. పోలీసోలది తప్పు నేదంట, అంటే మా మావదే తప్పంట. కుళాయి కాడ సోటుంది గానీ మాటల్నేవు."

సీసాల మీంచి చూపు నా మీదికి తిప్పింది.

"రత్తమని సెప్పింది నువ్వే గదా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అవునన్నాను. క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఒగ్గీ. ఒకటడుగుతాను, సెప్పు. ఆ పొద్దు నువ్వు 'ఇంకా తెలీదు, రేపు సెప్తాను' అని ఉంటే, ఆడు ఆగేవోడా? మా మావ బతికుండేవోడా?"

నేను ఆలోచించాను. పాండే ఆగి ఉండేవాడని చెప్పడానికి ఆధారం లేదు. ఆగేవాడు కాదనడానికీ లేదు. ఆవిడకు ఊరట కలిగించే జవాబు ఒకటి, నాకు ఊరట కలిగించే జవాబు ఒకటి, రెండూ నా నాలుక మీదికి వచ్చాయి. రెండింటికీ రుజువు లేదు.

"తెలీదు" అన్నాను.

పైడమ్మ నవ్వింది. ఆ నవ్వులో నీళ్ళు లేవు, జాలి అసలే లేదు.

"ఇప్పుడొచ్చిందేటి బాబూ ఆ మాట నీ నోటికి" అంది. గుడ్డచుట్ట నెత్తిన సర్దుకుని, పనికి వేళవుతోందని బేగి బేగి మెట్లు దిగి వెళ్ళిపోయింది.